ఈరన్న సుడి చూసిన యుద్ధబండి

మద్రాసు శివార్లలో, మిలిటరీ వాళ్లు తమకు పనికిరాని బండ్లను అమ్మకానికి నిలబెట్టిన మైదానంలో, మేనెల ఎండకు మాడు పగులుతుంటే దావీదురాజు పళ్లు నూరుకుంటూ నిలబడి ఉన్నాడు. ఎదురుగా నాలుగు చక్రాల ఉక్కుబండి. తుపాకీ ఊడదీశారు గాని తక్కినదంతా భేషుగ్గా ఉంది. దాని చుట్టూ పెద్ద ఈరన్న, భుజాన తువ్వాలతో, నాలుగోసారి తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి వెనక చక్రం దగ్గర గొంతుక్కూచుని ఉక్కురేకును అరచేత్తో మెల్లగా తడమడం మొదలుపెట్టాడు.

సుడి వెతుకుతున్నాడు మహానుభావుడు.

ఎద్దుకు సుడి ఉంటుంది, కాదనం. ఒంటిమీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటును సుడి అంటారు. అది నుదుట ఉంటే ఒక ఫలం, మూపున ఉంటే ఇంకో ఫలం, ఉండరాని చోట ఉంటే ఆ ఎద్దును ఊరికే ఇస్తామన్నా ఎవరూ తోలుకుపోరు. పెన్న ఒడ్డున పుట్టినవాళ్లందరికీ తెలిసిన సంగతే, దావీదురాజుకూ తెలుసు. కాని యుద్ధానికి పోయొచ్చిన ఇనుపబండికి సుడేమిటి, ముసలాయన తలకాయ కాకపోతే?

"ఇంజను జూడు పెద్దాయనా," అన్నాడు దావీదురాజు. ఎంత అణచుకున్నా గొంతులో మంట తెలిసిపోతోంది. "ఒక్క తిప్పుకే అందుకుంటాండాది. రేకుతో మనకేం పని?"

"ఇంజను నువ్వు జూడప్పా. నేను జూసేది నేను జూస్తా," అన్నాడు ఈరన్న తల ఎత్తకుండానే.

వీళ్లిద్దరినీ రైలెక్కించి తెచ్చిన ఓబుళరెడ్డి కాస్త దూరంలో గొడుగు నీడన కుర్చీ వేయించుకుని సోడా తాగుతున్నాడు. గండికోటకు ఆమడ దూరంలో ఉన్న పల్లెకు ఆయన పెద్దరైతు. కోట రాళ్ల సందుల్లో ఒక ఫిరంగి గుండు దొరికిన నాడు మొదలైంది ఆయన పిచ్చి. గుండు తర్వాత కత్తులు వచ్చాయి. కత్తుల తర్వాత ఎవరో నవాబు ఎక్కిన పల్లకీ, నాలుగు గోడ గడియారాలు, గుర్రం లేని గుర్రపుబండి, ఆఖరికి పడవంత అమెరికా కారు. అన్నీ ఇంటి వెనక పొడుగాటి కొట్టంలో ఉంటాయి. కొట్టానికి కొబ్బరికాయంత తాళం. తాళంచెవి రెడ్డి మొలతాడుకు. గడియారాలకు కీ ఇవ్వనివ్వడు, తిరిగితే అరిగిపోతాయట. కారును నెలకొకసారి బయటికి తీయించి, వాకిట్లో ఒక చుట్టు తిప్పించి, తుడిపించి మళ్లీ లోపల పెట్టిస్తాడు. ఆ ఒక్క చుట్టు తిప్పడానికి జీతమిచ్చి పెట్టుకున్న డ్రైవరు దావీదురాజు. తొమ్మిదేళ్లుగా అదే ఉద్యోగం. బర్మా అడవుల్లో బురదలో బండ్లు తోలి, గాయపడ్డవాళ్లను మోసుకొచ్చిన మనిషికి ఇదీ గతి.

పక్క ఊరి రెడ్డి జీపు కొన్నాడని ఈ రెడ్డికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. రెండు జిల్లాల్లో ఎవడి దగ్గరా లేని యుద్ధబండి ఒకటి తన కొట్టంలో ఉండాలన్నాడు. ఇంజను సంగతి చూడడానికి దావీదురాజు. మరి ఈరన్న ఎందుకూ అంటే, కాళ్లున్నదైనా చక్రాలున్నదైనా ఈరన్న సరే అననిదే ఆ ఇంటి గడప తొక్కదు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఎద్దును కొనాలన్నా అమ్మాలన్నా ఆయన మాటే మాట.

దావీదురాజు తొందరకు కారణం ఉంది. జమ్మలమడుగులో ఆసుపత్రి వాళ్లు రోగుల్ని తేవడానికి వ్యాను కొన్నారు. దానికి డ్రైవరు కావాలి. పాస్టరుగారు దావీదురాజు పేరు చెప్పారు. జూన్ పదిహేనుకల్లా పాత యజమాని చేత మంచివాడని చీటీ రాయించుకుని రమ్మన్నారు. రాకపోతే పని ఇంకొకరికి. రెడ్డిని చీటీ అడిగితే ఆయన మీసం దువ్వుకుని, "ముందు నాకు యుద్ధం బండి జూసిపెట్టు. ఇంటికి దెచ్చి నిలబెట్టు. ఆ పొద్దే రాసిస్తా," అన్నాడు.

ఆ వ్యాను దావీదురాజుకు జీతం కోసం కాదు. రెండేళ్ల కిందట అతని తల్లి విశ్వాసమ్మ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. రెడ్డి కర్నూలు పోయి ఉన్నాడు, తాళంచెవి ఆయన మొలతోపాటే పోయింది. దావీదురాజు కొట్టం తలుపు సందులోంచి తను తుడిచిన కారును చూసి, తాళాన్ని రాయితో బాదబోయి, బాదలేక తిరిగి వచ్చాడు. తల్లిని ఎద్దులబండిలో పడుకోబెట్టారు. ఊరి బయట ఎండిన వంకలో, ఆ వాగు ఇసుకలో చక్రం దిగబడింది. బండిని పైకి లాగేసరికి విశ్వాసమ్మ లేదు. కారు ఆ ఇసుకలో దాటేదో లేదో దేవునికే తెలుసు. కాని ఆ రాయి వేసి ఉండాల్సిందన్న బాధ మాత్రం దావీదురాజుకు ఒక్క పూటా తగ్గలేదు. ఆ మాట భార్య కృపమణితో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు చెప్పండి, అలాంటివాడి ముందు కూచుని ఇనుముకు సుడి వెతుకుతుంటే ఒళ్లు మండదా?

"దీన్ని కొనద్దు," అన్నాడు ఈరన్న లేచి తువ్వాలు దులుపుతూ. తలుపు వెనక ఒక గుండు తగిలి రేకు గుండ్రంగా లోపలికి నొక్కుకుపోయి ఉంది. వేలుపెట్టి చూపించాడు. "చెడ్డ సుడి. యజమానికి మంచిది గాదు."

"అది తుపాకీ దెబ్బ పెద్దాయనా. దెబ్బ తగిలినా లోపలోనికి ఏమీ గాలేదంటే రేకు మంచిదని గదా."

"దెబ్బో ఇంకోటో. చోటు మంచిది గాదు."

రెడ్డి సోడా సీసా కింద పెట్టాడు. "ఈరన్న వద్దంటాండాడు గదరా. ఇంకోటి జూడు."

దావీదురాజు నెత్తి కొట్టుకోవడమొక్కటే తక్కువ. ఆ నాలుగు చక్రాల బండి అయితే కారు లైసెన్సు ఉన్న ఎవడైనా తోలగలడు. రెడ్డి తమ్ముడి కొడుకు శ్రీనివాసులు మద్రాసులో చదువుకునేటప్పుడు కారు తోలడం నేర్చుకునే వచ్చాడు. బండిని అతనికి అప్పజెప్పి, చీటీ పుచ్చుకుని మర్నాడే జమ్మలమడుగు పోవచ్చు. ఇదంతా రాత్రంతా రైల్లో కూచుని లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క కాస్తా ఒక సొట్టతో ఎగిరిపోయింది.

రెండోది ఏనుగంత ఉంది, లోపల ఇంజనే లేదు. మూడోది పొట్టిది. పైకప్పు లేదు. చక్రాలకు బదులు రెండు పక్కలా ఇనుప పలకల గొలుసులు. తోలేవాడి ముందు స్టీరింగు చక్రం ఉండదు, రెండు నిలువు కమ్ములుంటాయి. దావీదురాజు బర్మాలో నాలుగేళ్లు తోలింది ఇలాంటిదాన్నే. యార్డు సిపాయి ఒకడు దాన్ని బయలుదేరదీసి చుట్టూ తిప్పి చూపించాడు. ఈరన్న గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కన్నార్పకుండా చూశాడు. ఇంకోసారి తిప్పమన్నాడు. తర్వాత, మూలన ఉన్న ఇసుక దిబ్బ ఎక్కించమన్నాడు. ఎక్కించాక మళ్లీ ఎక్కించమన్నాడు. సిపాయి విసుక్కున్నాడు. దావీదురాజు అంతకన్నా విసుక్కున్నాడు.

"మనకెందుకు పెద్దాయనా ఇది? చమురు నీళ్ల మాదిరి తాగుతాది. గొలుసు తెగితే ఈ దేశంలో దొరకదు."

"నడక బాగుండాది," అన్నాడు ఈరన్న. "రొమ్ము వెడల్పు. సుళ్లు యాడా చెడ్డవి లేవు."

అప్పుడు దావీదురాజు చేసిన తప్పు పగవాడు కూడా చేయడు. రెడ్డిని ఆ బండి మీద నుంచి మళ్లించాలని, గట్టిగా, అందరూ వినేటట్టు చెప్పాడు. "అయ్యా, దీన్ని తోలేవాళ్లు దొరకరు. రెండు జిల్లాల్లో నేను తప్ప ఇంకెవరికీ రాదు."

మాట నోట్లోంచి బయటపడ్డాక నాలుక కరుచుకున్నాడు. రెడ్డి ముఖం వెలిగిపోయింది.

"ఇంకెవరికీ రాదా?"

"అంటే, నేర్పితే..."

"ఇదే కొందాం," అన్నాడు రెడ్డి లేచి నిలబడి.

కొనడంలో ఇంకో తలవంపు. అరవ గుమాస్తా ధర కాగితం మీద రాసి ఇచ్చాడు. ఈరన్న దాన్ని చూడనైనా చూడలేదు. సంతలో ఎద్దు బేరం చేసే పద్ధతిలో తువ్వాలు చేతిమీద కప్పి, దాని కింద గుమాస్తా వేళ్లు పట్టుకున్నాడు. తువ్వాలు మాటున ఎన్ని వేళ్లు నొక్కితే అంత ధర, పక్కవాడికి తెలియకూడదు. గుమాస్తా హడలిపోయి చెయ్యి లాక్కుని, ఈ ముసలివానికి ఏం కావాలని అరవంలో అడిగాడు. దావీదురాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కాగితం మీది ధరే ఇచ్చారు.

గూడ్సు బండి మీద ఎర్రగుంట్ల దాకా వచ్చింది. అక్కడ దించి, దావీదురాజు ఊరికి తోలుకొచ్చాడు. వంకలో ఇసుక ఉందని కూడా తెలియకుండా దాటింది. ఊరంతా వాకిట్లోనే ఉంది. రెడ్డి భార్య నాగలక్ష్మమ్మ హారతిచ్చింది. గుమ్మడికాయ కొట్టారు. అయ్యాక రెడ్డి దాన్ని కొట్టంలో పెట్టించి, కొబ్బరికాయంత తాళం వేసి, తాళంచెవిని మొలలో దోపుకున్నాడు.

"అయ్యా, చీటీ," అన్నాడు దావీదురాజు.

"చీటీదేముందిరా. నువ్వు పోతే ఇది తోలేదెవరు? నెలకొకసారన్నా తిప్పల్ల గదా. ఎవరికన్నా నేర్పి పో. నేను వద్దన్నానా?"

ఆ రాత్రి దావీదురాజు అన్నం ముందు కూచుని తినలేదు. "నాకిప్పుడు అర్థమాయె," అన్నాడు కృపమణితో. "కత్తులు, పల్లకీ, గడియారాలు, కారు, దావీదురాజు. వరసలో నన్ను గూడా నిలబెట్టినాడు. బయటికి తీసి తుడిచి మళ్లా లోపల పెడతాడు."

"ఎవరికన్నా నేర్పు. ఇంకా పన్నెండు దినాలుండాయి గదా," అంది కృపమణి.

నేర్పాడు, లేదనకుండా. మొదట శ్రీనివాసులు వచ్చాడు. తెల్ల ప్యాంటు, చేతి గడియారం. ఎక్కి కూచున్నాక స్టీరింగు ఎక్కడన్నాడు. స్టీరింగు ఉండదు, ఎడమ కమ్మి లాగితే ఎడమ గొలుసు ఆగుతుంది, బండి ఎడమకు తిరుగుతుంది అని దావీదురాజు ఆరుసార్లు చెప్పాడు. అబ్బాయి ఆరుసార్లూ తల ఊపాడు. ఏడోసారి రెండు కమ్ములూ కలిపి లాగి, బెదిరి, వదిలేసి, గడ్డివాములోకి పోనిచ్చాడు. మర్నాడు పాల కొట్టం గోడ. ఆ మర్నాడు తనకు జ్వరమని కబురు. ఎర్రగుంట్ల నుంచి పిలిపించిన బస్సు డ్రైవరొకడు బండిని చూసి, ఇది మనుషులు తోలేది కాదని చెప్పి, కాఫీ తాగి పోయాడు. ఆరు రోజులు గడిచాయి.

ఈ ఆరు రోజులూ పెద్ద ఈరన్న కళ్లం గట్టు మీద కూచుని చూస్తూనే ఉన్నాడు. చూసి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. "ముక్కుతాడు వదిలేసినావు," "బెదరగొడతాండావు," "మూతి పక్కకు తిప్పకముందే అదిలించద్దు," అంటూ గట్టు మీద నుంచే సలహాలు. ఏడో రోజు దావీదురాజుకు ఓర్పు చచ్చింది. బండి దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నీ సుళ్ల మూలంగా గదా నాకీ గతి పట్టింది. ఆ నాల్గు చక్రాలది కొనింటే ఈ పాటికి జమ్మలమడుగులో ఉందును. అంత తెలిసినోనివి నువ్వే తోలు, రా."

ఈరన్న తువ్వాలు తలకు చుట్టుకుని లేచాడు. చెప్పులు కింద విడిచి బండి ఎక్కాడు. రెండు కమ్ములూ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"దాపటిది పడితే దాపటెద్దు నిలుస్తాది, ఎలపటెద్దు నడుస్తాది. బండి దాపటికి తిరుగుతాది. అంతే గదప్పా?"

దావీదురాజు ఏడు రోజులుగా ఇంగ్లీషు మాటలు కలిపి గొంతు చించుకున్నది ఇదే. పగ్గం బిగిస్తే ఎడమవైపు ఎద్దు ఆగుతుంది, కుడివైపుది నడుస్తుంది. యాభై ఏళ్లుగా ఈరన్న చేతులు చేస్తున్న పనే అది.

అలాగని సులువుగా ఏమీ కాలేదు. గేరు మార్చడం, క్లచ్చి తొక్కడం ముసలాయనకు నాలుగు రోజులు పట్టాయి. ఆ నాలుగు రోజుల్లో దావీదురాజు జుట్టు మరింత నెరిసింది. ఈరన్న బండిని ఆపడానికి బ్రేకు తొక్కడు, "హో, హో" అంటాడు. అది ఆగకపోతే దావీదురాజును కోపంగా చూస్తాడు. ఇంజను వేడెక్కితే నీళ్లు పోసి, నీడకు తోలి, అరగంట ఆరనిస్తే గాని కదలనివ్వడు. పొద్దున్నే ఎక్కేముందు బండి మూతి నిమురుతాడు. ఇది జీవం కాదు ఇనుమని చెబితే, "నీకేం తెలుసులే," అంటాడు. బర్మాలో జపాను గుండ్ల కింద కూడా తను ఇంత అలసిపోలేదని దావీదురాజు కృపమణితో అన్నాడు.

పద్నాలుగో తారీకు పొద్దున రెడ్డి పరీక్ష పెట్టాడు. కళ్లం నడుమ ఉన్న గుంజ చుట్టూ, గుంజను తాకకుండా, మూడు చుట్లు. శ్రీనివాసులు గోడ కూల్చిన చోటునుంచే చూశాడు. ఈరన్న ఎడమ కమ్మిని సగం పట్టి, పంట తొక్కించేటప్పుడు తిప్పినట్టే గుండ్రంగా, తాపీగా, మూడు కాదు ఐదు చుట్లు తిప్పాడు. "హో" అన్నాడు. ఈసారి బ్రేకు కూడా తొక్కాడు. బండి రెడ్డి కాళ్లకు రెండు బారల దూరంలో ఆగింది.

రెడ్డి చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. జనం చూస్తున్నారు, అన్న మాట మింగడానికి లేదు. కాగితం తెప్పించి మోకాలి మీద పెట్టుకుని రాశాడు. "దావీదురాజు నా దగ్గర తొమ్మిదేండ్లు ఉన్నాడు. తాగడు, దొంగతనం ఎరగడు. అరవై ఏండ్ల ఎద్దుల మనిషికి యుద్ధం బండి నేర్పినాడు. అంతకన్న నేను రాసేది లేదు." సంతకం గీసి, కాగితం చేతికి ఇచ్చి, ముఖం చూడకుండా లోపలికి పోయాడు.

మర్నాడు తెల్లవారుతూనే దావీదురాజు ట్రంకుపెట్టె సర్దుకుని, కృపమణిని వాకిట్లో ఉండమని, ఈరన్నకు చెప్పి పోదామని కొట్టం వైపు వచ్చాడు. ఎంత విసిగించినా ముసలాయన వల్లనే చీటీ వచ్చింది. కొట్టం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గొళ్లేనికి తాళం లేదు. లోపల ఈరన్న గొలుసులకు ఆముదం పూస్తున్నాడు.

"బీగం యాడ పెద్దాయనా?"

"బాయిలో ఏసినా."

దావీదురాజు నిలబడిపోయాడు. "రెడ్డికి తెలుసునా?"

"తెలుసు. దినామూ పొద్దున్నే నడిపించకపోతే కాళ్లు పట్టుకపోతాయని జెప్పినా. వాకిలి మూస్తే దీని సుడి ఇంటికి కీడు జేస్తాదని జెప్పినా. ఎద్దుల కొట్టానికి ఎవరన్నా బీగం ఏస్తారా?"

"సుడి నిజంగా అట్లుండాదా దీనికి?"

ఈరన్న ఆముదం గుడ్డ పక్కన పెట్టి, వింతగా చూశాడు. "ఇనుముకు సుడేందప్పా? నీకు పిచ్చా?"

దావీదురాజుకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. "మరి మద్రాసులో ఆ తడుముడేంది? నా పానాలు తోడేస్తివే."

"రెడ్డి ఇంకేం జెప్తే ఇంటాడు? ఆ నాల్గు చక్రాలది కొనింటే శీనుని చేతికి పోతుండె. దాని మీద గూడా ఈ బీగమే పడుతుండె. ఇది ఎద్దుల మాదిరి తిరిగిందా, నేను తోలగలననిపించె. ఇసక దిబ్బ ఎక్కిందా, ఇదే కావల్లనిపించె."

"నోరు తెరిచి ముందే జెప్తే ఏం పోయె?"

ఈరన్న చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఆ రోజు విశ్వాసమ్మను పడుకోబెట్టిన బండి తోలింది ఈరన్నే. రెండేళ్లలో ఆయన ఆ మాట ఎత్తలేదు, దావీదురాజూ ఎత్తలేదు.

"ఆ పొద్దు వంకలో ఎద్దుల్ని శానా కొట్టినా," అన్నాడు ఈరన్న. "నా జన్మలో ఎద్దును కొట్టినోన్ని గాదు నేను. కొట్టి కొట్టి చేతులు వాచినాయి. అవి మాత్రం ఏం జేస్తాయి, పాపం."

దావీదురాజు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వాకిట్లోంచి కృపమణి వంక అవతలి బస్సుకు వేళ అవుతోందని పిలిచింది.

"నీ వ్యానుకు వంక దాటేకి గాదు," అన్నాడు ఈరన్న, మళ్లీ గుడ్డ అందుకుంటూ. "ఈడ ఎవరికన్నా బాగలేకపోతే మనిషిని పంపుతా. వంక దాకా నేను తెస్తా. నువ్వు అవతల గట్టు మీద ఉండు."